కింది నుంచి విసిరే బంతి

జూన్ 12

చిట్టీ,

ముందు నీ కూతురి సంగతి, తర్వాత నా సంగతి. నీకు కావలసిన వరస అదేనని తెలుసు.

గువ్వ బాగుంది. వచ్చిన మొదటి వారం మూతి ముడుచుకుని కూర్చుంది గానీ, బళ్ళో సాఫ్ట్‌బాల్ జట్టులో చేర్చాక మనిషే మారిపోయింది. ఆ జట్టుకు కోచ్ ఎవరనుకున్నావు? నేనే. డ్రిల్లు మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయాడు. పని మానేసి ఖాళీగా ఉన్నవాడు, ఒకప్పుడు బంతి పట్టినవాడు అంటే హెడ్మిస్ట్రెస్‌కి నేనొక్కణ్ణే దొరికాను. ఇనుప రేకులు కొట్టే మిషన్ల మధ్య బతుకంతా గడిపి చెవులు పోగొట్టుకున్నవాడు ఆడపిల్లలకు ఆట నేర్పడమేమిటని నువ్వు నవ్వుతావు. అందులోనూ లాభముంది. వాళ్ళు నా వెనకాల ఏం తిట్టుకున్నా నాకు వినపడదు.

గువ్వ మా పిచ్చర్. అంటే బంతి విసిరేది అదే. నిన్న ఒక్కరోజే రెండు మ్యాచ్‌లు ఆడాం. రెండింటికీ మొదటి నుంచి చివరి దాకా అదే విసిరింది. రెండూ గెలిచాం.

ఇది చదవగానే నీకు పెద్దన్నయ్య గుర్తొస్తాడు. నాకు గుర్తు రాడా? అందుకే చెబుతున్నాను, విను. పెద్దన్నయ్య ఆడింది బేస్‌బాల్. చెయ్యి తల మీదుగా తెచ్చి విసరాలి. ఆ విసురుకే మోచెయ్యి పోయేది. సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ చెయ్యి గుండ్రంగా తిప్పి, నడుము పక్క నుంచి, కింది నుంచి బంతి వదులుతుంది. ఊయల ఊగినట్టు ఉంటుంది. అందులో చేతికి ఏమీ కాదు. మగపిల్లల జట్టుకైతే ఒక మ్యాచ్‌లో ఇన్ని బంతులకు మించి విసరకూడదు, తర్వాత ఇన్ని రోజులు సెలవివ్వాలి అని నియమముంది. మా లీగ్‌లో ఆడపిల్లలకు ఆ నియమమే లేదు. అక్కర్లేదు కాబట్టే లేదు.

పైనుంచి విసరడం మాత్రం గువ్వకు పూర్తిగా మానిపించాను. బంతి తల మీదుగా విసిరిందంటే ఒంటికాలి మీద లేస్తాను. ఆ ఒక్క విషయంలో నేను రాక్షసుణ్ణని జట్టంతా అనుకుంటోంది. అనుకోనీ.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి నీ చేతులెలా ఉన్నాయో రాయి.

నీ అన్నయ్య


జూన్ 20

అన్నయ్యా,

కోచ్‌గారికి దండాలు. ఉత్తరం కూడా ఈల వేసినట్టే రాశావు.

ఇక్కడ లాండ్రీలో నన్ను షిఫ్టు పెద్దగా చేశారు. పెద్దరికం అంటే అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న వెళ్ళడమని తెలిసింది. ఏడాది ఓపిక పడితే మన ఊరి ఆసుపత్రికే మారుస్తామన్నారు. గువ్వ నాన్న పోయాక దాన్ని వదిలి ఇన్నాళ్ళు ఉండటం ఇదే మొదటిసారి. ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అన్న ఒక్క ముక్కే. నీతో మాట్లాడదామంటే చెవిటివాడి ముందు శంఖం. అందుకే ఈ కాగితాలు.

కింది నుంచి విసిరితే ఏమీ కాదంటున్నావు. నాకు ఆట తెలీదు, నిన్ను నమ్ముతున్నాను. కానీ ఒక్క మాట. దానికి పెద్దన్నయ్య కథలు చెప్పకు. పదహారేళ్ళకే చెయ్యి పోగొట్టుకుని ఇల్లు వదిలి, ఎక్కడో లారీల షెడ్డులో జ్వరంతో ఒంటరిగా పోయిన మనిషి కథ పిల్లలకెందుకు? దానికి చెప్పాలంటే నాన్న సంగతి కూడా చెప్పాలి. పెద్దన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకోలేక అమ్మను పిలిచేవాడు. నాన్న ఆ గదిలోనే పేపరు చదువుతూ కూర్చునేవాడు. మర్నాడు మళ్ళీ మైదానానికి తీసుకెళ్ళేవాడు. నాన్నకు తెలుసన్నయ్యా. నువ్వు ఒప్పుకోవు గానీ తెలుసు.

చిట్టి


జూలై 1

చిట్టీ,

మళ్ళీ అదే పాట మొదలెట్టావా? నాన్నకు తెలీదు. తెలిస్తే ఆపేవాడు. కన్న కొడుకు చెయ్యి విరుగుతోందని తెలిసి విసిరించే తండ్రి ఉంటాడా? నువ్వప్పుడు చిన్నపిల్లవి. నీకు గుర్తున్నది సగం, నువ్వు కల్పించుకున్నది సగం. ఇక ఆ మాట ఎత్తకు.

గువ్వ జుట్టు కత్తిరించుకుంది. నడుము దాకా ఉన్న జడ, మెడ దాకా తెచ్చేసింది. జట్టులో అందరూ అలాగే ఉన్నారంది. నిన్నడిగిందో లేదో నాకు తెలీదు, నన్ను మాత్రం అడగలేదు.

ఇప్పుడు రాసేది చదివి నన్ను ఎగతాళి చెయ్యకు. వెనక గది గుర్తుంది కదా, గోడకు అవతల సందు, సందుకు అవతల పాత సామాన్ల గోడౌను. పెద్దన్నయ్య బంతి నేర్చుకుంది ఆ సందులో, ఆ గోడ మీదే. నాలుగు రోజులుగా సాయంత్రాలు ఆ గదిలో కుర్చీ గోడకు ఆనించి కూర్చుంటే, వీపుకు బంతి తగులుతున్నట్టు తెలుస్తోంది. చెవికి కాదు, నా చెవుల సంగతి నీకు తెలుసు. గోడలోంచి ఎముకకు వస్తోంది. కాసేపు ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. గువ్వను అడుగుదామంటే అది ఆ వేళకు స్నేహితురాలింట్లో లెక్కలు చేసుకోవడానికి వెళ్తుంది. రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "సందులో ఎవరైనా ఆడుతున్నారా?" అంటే తల అడ్డంగా ఊపింది.

ఎవరూ లేరట, చిట్టీ.

అన్నయ్య


జూలై 9

అన్నయ్యా,

ముందు జుట్టు సంగతి. ఫోన్ చేసి చెడామడా తిట్టాను. నేను లేకపోతే ఎవరూ అడిగేవాళ్ళు లేరనుకున్నావా అన్నాను. చివర్న "జడ వేసుకోవడం కష్టంగా ఉందమ్మా, నువ్వు లేవుగా" అంది. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. రోజూ దాని జడ వేసింది నేనే కదా, బెంగ పెట్టుకుంది కాబోలు.

ఇక నీ సంగతి. నువ్వు ఉద్యోగం మానేశావు, వదిన పోయి మూడేళ్ళయింది, ఖాళీగా గోడకు ఆనుకుని కూర్చుంటే గోడలు మాట్లాడవా? నీ డ్రాయరులో పెట్టిన చెవి మిషను తీసి పెట్టుకో. డాక్టరుకు చూపించుకో. నేను పిచ్చివాడివి అనడం లేదు. ఆ గదిలో కూర్చోవద్దంటున్నాను, అంతే. పిల్లల్ని తీసుకుని బయటికెళ్ళు. ఇంకో రెండు టోర్నమెంట్లకు పేరివ్వు. నీకూ పొద్దుపోతుంది, దానికీ బెంగ తగ్గుతుంది.

దానికి మాత్రం ఈ గోడ సంగతి చెప్పి భయపెట్టకు.

చిట్టి


జూలై 18

చెల్లెలుగారికి,

పిచ్చివాడివి అనడం లేదంటూనే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నావు. బాగుంది. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, చిన్నప్పటి నుంచీ అంతే.

అయినా నీ మాట కాదనలేదు. ఇంకో టోర్నమెంటుకు పేరిచ్చాను. పోయిన శని, ఆదివారాల్లో మూడు మ్యాచ్‌లు ఆడాం. మూడూ గువ్వే విసిరింది. మూడో దాంట్లో బంతులు కాస్త ఎత్తుగా పోయాయి గానీ గట్టెక్కింది. మా జట్టు ఫైనల్‌కు వెళ్ళింది. ఆగస్టు మూడో తారీఖు, ఆదివారం. పెద్ద జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసే ఆవిడ ఆరోజు వస్తుందట, గువ్వను చూడటానికే వస్తుందట. నేను దానికి రోజూ చెబుతున్నాను. నీ అదృష్టం చూడవే, మీ పెద్దమామయ్య చెయ్యి పోగొట్టుకున్న ఆటలాంటిదే ఆడుతున్నా నీ చేతికి ఏ భయమూ లేదు అని. కథ చెప్పొద్దన్నావు, చెప్పేశాను. తిట్టుకో. బుద్ధిగా వింది. ఈ మధ్య పుస్తకాల సంచీ ఎడమ భుజానికే తగిలించుకుంటోంది. ఎందుకే అంటే అదో ఫ్యాషనట. మన కాలంలో సంచీకి కూడా ఫ్యాషన్లు లేవు.

గోడ సంగతి. నీకు ఇష్టం లేకపోయినా రాస్తాను, ఇంకెవరికి రాయను? రోజూ వస్తోంది. ఇప్పుడు నాకు బాగా తెలిసింది. ఆ దెబ్బ పెద్దన్నయ్య పెద్దయ్యాక విసిరిన దెబ్బ కాదు. అది తగిలితే సున్నం రాలేది. ఇది నేర్చుకునేవాడి దెబ్బ. ఒకటి పైన, ఒకటి పక్కన, ఒకటి గోడకు చేరకుండానే నేల మీద. ఆగుతాడు, మళ్ళీ విసురుతాడు. చెయ్యి ఇంకా పాడుకాని పెద్దన్నయ్య. ఎనిమిదేళ్ళవాడు.

లేచి సందులోకి తొంగి చూడొచ్చు. కుర్చీ పక్కనే చిన్న కిటికీ, తల తిప్పినా చాలు. తిప్పను. చూస్తే పోతాడు. నాకది చాలు చిట్టీ, సాయంత్రం ఆ కాసేపు నేను వాడికి తోడు కూర్చున్నట్టు ఉంటుంది. అప్పుడు ఎవరూ కూర్చోలేదు కదా.

అన్నయ్య


జూలై 25

అన్నయ్యా,

ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను. నిలబడి చదవకు, కూర్చుని చదువు. ఆ గోడ దగ్గర మాత్రం కాదు.

ఇవాళ తువ్వాళ్ళ మూటలు ఇవ్వడానికి ఆసుపత్రిలో వ్యాయామ గదికి వెళ్ళాను. అక్కడ పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె చెయ్యి భుజం దాకా కూడా లేపలేక ఏడుస్తోంది. ఏమైందని అడిగితే సాఫ్ట్‌బాల్ పిచ్చరంది. కింది నుంచి విసిరితే ఏమీ కాదు కదండీ అన్నాను ఫిజియో ఆవిడతో. ఆవిడ నన్ను కూర్చోబెట్టింది.

"అందరూ అదే అంటారమ్మా. పైనుంచి విసిరినా, అలా గిరగిరా తిప్పి విసిరినా, భుజం మీద పడే బరువు ఇంచుమించు ఒకటే. మగపిల్లలకు లెక్క పెడతారు, వీళ్ళకు ఎవరూ పెట్టరు. ఒకే పిల్లతో రెండు మూడు మ్యాచ్‌లు వరసగా విసిరిస్తారు. అలిసిపోయిన చేతితో విసరకూడదు. నొప్పి అందంటే ఆరోజుకి ఆట అయిపోయినట్టే. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య విశ్రాంతి ఉండాలి, ఏడాదిలో కొన్ని నెలలు బంతి ముట్టకుండా ఉండాలి. కాళ్ళూ నడుమూ గట్టిపడేలా కసరత్తు చేయించాలి, లేకపోతే మొత్తం భారం భుజమే మోస్తుంది" అంది.

మా అమ్మాయి నొప్పని ఎప్పుడూ అనలేదండీ అన్నాను. "పిల్లలు అనరమ్మా. జడ తనే వేసుకుంటుందా?" అంది.

నీ ఉత్తరాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. జడ. ఎడమ భుజానికి సంచీ. ఎత్తుగా పోయిన బంతులు. తిట్టాను కూడా దాన్ని, జుట్టు కోసం. ఇంకో రెండు టోర్నమెంట్లు ఆడించమన్నది నేనే.

ఆ గోడ సంగతి కూడా. నేర్చుకునేవాడి దెబ్బలా ఉందన్నావు. కుడిచేత్తో అంత బాగా విసిరే పిల్ల, ఆ చెయ్యి పనిచెయ్యక ఎడమచేత్తో విసిరితే ఎలా ఉంటుందన్నయ్యా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని.

ఫోన్ చేశాను. "ఏం లేదమ్మా, ఫైనల్ అయ్యాక మాట్లాడదాం" అని పెట్టేసింది. బడికి చేశాను. కోచ్‌తో మాట్లాడండి అన్నారు. కోచ్‌వి నువ్వు. నాకు ఇప్పట్లో సెలవు దొరకదు.

వెళ్ళి చూడు. తల తిప్పి చూడు. పెద్దన్నయ్య పోయాడన్నయ్యా, వాడికిక ఏమీ కాదు. ఇది బతికున్న పిల్ల.

చిట్టి


జూలై 30

చిట్టీ,

నీ ఉత్తరం సోమవారం మధ్యాహ్నం అందింది. ఆరోజు చూడలేదు. నీ దగ్గర దాచడం దేనికి? జేబులో పెట్టుకుని వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నాను. నువ్వు రాసింది నిజమైతే వాడు ఇక రాడు, ఇంకొక్క సాయంత్రం అనుకున్నాను. వీపుకు తెలుస్తూనే ఉంది, ఒకటి పైన, ఒకటి పక్కన.

మంగళవారం లేచి సందులోకి వెళ్ళాను.

గోడౌను గోడకు వీపు పెట్టి నిలబడి ఉంది. కుడిచెయ్యి మడిచి, వేలాడకుండా చొక్కా లోపల పెట్టుకుంది. మన గోడ మీద సుద్దతో చతురస్రం గీసుకుంది. ఎడమచేత్తో విసురుతోంది. నన్ను చూసి ఆగింది. భయపడలేదు. దొరికిపోయిన మొహం కూడా కాదు. అలిసిపోయిన మొహం.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను.

ఏదో చెప్పింది, వినపడలేదు. దగ్గరకొచ్చి, నా చెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా చెప్పింది. "పెద్దమామయ్యకు ఒక చెయ్యే వచ్చు కదా, అందుకే ఇబ్బందైంది. రెండోది కూడా నేర్చుకుంటే ఇది పోయినా పర్లేదనుకున్నా" అంది.

డాక్టరుకు చూపించాను. భుజం ముందువైపు నరం బాగా వాచింది, ఇంకా తెగలేదు. మూడు నెలలు బంతి ముట్టకూడదు, ఏ చేత్తోనూ. ఆ తర్వాత కసరత్తులు, ఆపైన చూద్దామన్నాడు. ఆ ఫైనల్ ఆడితేనో అని అడిగాను. "అడక్కండి" అని కాగితం మీద రాసి చూపించాడు.

ఫైనల్లో గువ్వ ఉండదు. ముగ్గురు పిల్లలు వంతులేసుకుని విసురుతారు, మగపిల్లలకున్న లెక్కే వాళ్ళకీ పెట్టాను. ఓడిపోతాం. తల్లిదండ్రులు ఇద్దరు ఇంటికొచ్చి అరిచి వెళ్ళారు. చెవులు లేకపోవడం ఇలాంటప్పుడు కలిసొస్తుంది.

వెనక గదికి తాళం వేశాను. రెండోసారి చచ్చిపోయినట్టుంది చిట్టీ, పెద్దన్నయ్య. ఈసారి నేనే పంపించేశాను. పంపాల్సిందే, తెలుసు. కానీ ఏడ్చాను.

అన్నయ్య


ఆగస్టు 5

అన్నయ్యా,

ఓడిపోయారని గువ్వ చెప్పింది. ఎంత తేడాతో ఓడారో చెప్పి మరీ నవ్వింది. దాని గొంతులో నవ్వు విని చాలా రోజులైంది. నీ మీద నాకు కోపం లేదు, పెట్టుకుంటే సగం నా మీదే పెట్టుకోవాలి. అలా అనే ఈ ఉత్తరం మొదలెడదామనుకున్నాను.

కానీ నిన్న మాట్లాడుతూ, నొప్పి అని నాకు కాకపోయినా మామయ్యకైనా చెప్పొచ్చు కదే అన్నాను. అది ఆశ్చర్యపోయింది. "మామయ్యకు మొదటి నుంచీ తెలుసు కదమ్మా" అంది.

ఎలా తెలుసే అన్నాను. రోజూ దాని ఎదురుగానే కూర్చునేవాడివట. కిటికీలోంచి నీ భుజం, నీ చొక్కా కనిపిస్తూ ఉండేవట. ఇది రాగానే వచ్చి కూర్చుని, ఇది ఆపేదాకా లేచేవాడివి కాదట. మొదటి రోజు భయపడి పారిపోబోయిందట. నువ్వు ఏమీ అనకపోయేసరికి, మామయ్య చూశాడు, పర్లేదంటున్నాడు అనుకుందట. ఆ రాత్రి సందులో ఎవరైనా ఆడుతున్నారా అని నువ్వడిగితే, ఎవరికీ చెప్పకు, ఇది మనిద్దరి మధ్య ఉండనీ అని అడుగుతున్నావనుకుందట. అందుకే తల అడ్డంగా ఊపిందట. తర్వాత నువ్వు మూడు మ్యాచ్‌లు ఆడించావు. మామయ్యకు తెలిసే ఆడించాడు కాబట్టి ఆడాలి అనుకుందట.

నిజం చెప్పు. నీకు తెలుసా?

చిట్టి


ఆగస్టు 12

చిట్టీ,

తెలీదు.

ఈ ఒక్క మాట రాసి మూడు రోజులు కాగితం అలాగే పెట్టాను. దీని కింద ఏం రాసినా సాకులాగే ఉంది. గోడకు ఇవతల కూర్చుని చచ్చిపోయినవాడికి తోడున్నాననుకున్నాను. అవతల అది నా భుజం చూసుకుంటూ నొప్పి ఓర్చుకుంది. తల తిప్పలేదు నేను. నాకు తెలీదన్నది నిజమే, తెలుసుకోకూడదనుకున్నదీ నిజమే.

నాన్న గురించి నీతో ఇక వాదించను. ఆ పేపరు వెనకాల ఆయన ఏం చదివేవాడో నాకిప్పుడు తెలుస్తోంది.

నిన్న సాయంత్రం గువ్వకు ఎదురుగా కూర్చున్నాను. చెవి మిషను పెట్టుకున్నాను, అది కుయ్యిమంటున్నా తియ్యలేదు. జరిగిందంతా చెప్పాను. అది నువ్వని నాకు తెలీదే, మీ పెద్దమామయ్య అనుకున్నాను, తెలిస్తే ఒక్క బంతి కూడా వెయ్యనిచ్చేవాణ్ణి కాదు అన్నాను. ఒట్టు వేశాను. అంతా బుద్ధిగా వింది.

"పర్లేదు మామయ్యా. మీకు గెలవాలని ఉంది కదా, తెలిసినా ఏమనుకోను" అంది.

కాదే, నిజంగా తెలీదే అన్నాను. గొంతు పెద్దదైందేమో, నాకు తెలీదు. అది లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఎడమచెయ్యి నా చేతి మీద వేసి, సరే మామయ్యా, మీకు తెలీదు అంది. ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడానికి పెద్దవాళ్ళు తల ఊపుతారే, అలా తల ఊపింది.

అన్నయ్య